పూనకం, సిగం, రంగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆషాఢంలో లష్కర్ (సికింద్రాబాద్) బోనాలప్పుడు, మాఘంలో మేడారం జాతరప్పుడు, ఊళ్లలో ఎల్లమ్మకు పండుగ చేసుకున్నప్పుడల్లా పూనకం గురించి ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. ఒంటి మీదికి అమ్మవారు నిజంగా వస్తుందా? ఇది తంత్రమా? జబ్బా? ఇక్కడి సమాధానాలు ఎక్కువగా తెలంగాణను పట్టుకుని రాసినవి. ఊరి దేవతల పాత పద్ధతులు, శాక్త తంత్రం (అమ్మవారిని శక్తిగా కొలిచే మంత్ర పూజా విధానం) ఒకే గుడి ఆవరణలో పక్కపక్కనే కనిపించే చోటు ఇది.

పూనకం, దెయ్యం పట్టడం ఒకటేనా?

కాదు. చూసేవాళ్లకు రెండింటిలోనూ జుట్టు విరబోసుకుని ఊగుతున్న మనిషే కనిపించవచ్చు గానీ, ఊళ్లో ఆ రెండింటి లెక్క వేరు. పూనకంలో వచ్చేది దేవత. ఆమెను పిలుస్తారు, మొక్కుతారు, చెప్పేది వింటారు, సాక (అమ్మవారికి ధారగా పోసే కల్లో, నీళ్లో) పోసి సాగనంపుతారు. ఎప్పుడు రావాలి, వచ్చి ఏం అడగవచ్చు, ఏం తీసుకుని వెళ్లాలి అన్నదానికి కట్టుబాటు ఉంది. దెయ్యాన్ని ఎవరూ పిలవరు. అది వచ్చిందంటే వదిలించడం ఒక్కటే ఆలోచన.

తెలంగాణలో సిగం ఊగడం, సిగాలు రావడం, శివాలెత్తడం అంటారు. కోస్తాలో అమ్మోరు పూనింది అంటారు, పూనకంలో ఊరికి మాట చెప్పే మనిషిని చాలాచోట్ల గణాచారి అంటారు. ఎవరికైనా కొత్తగా సిగం వస్తే పెద్దవాళ్లు వెంటనే సాగిలపడరు. "ఎవరు నువ్వు? ఏ తల్లివి?" అని ముందు నిలదీస్తారు. వచ్చింది ఎల్లమ్మా, పోచమ్మా, మైసమ్మా, లేక ఇంట్లో చనిపోయిన పెద్దవాళ్లెవరైనానా అన్నది తేలేదాకా అడుగుతూనే ఉంటారు. భక్తి ఎంత ఉన్నా ఈ విచారణ తప్పదు.

పూనకం ఎలా మొదలవుతుంది?

ఎల్లమ్మ పండుగ చేసుకునే ఇంటి ముందు పందిరి కింద చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఎల్లమ్మ పూజారులైన బైండ్లవాళ్లు జమిడిక అనే తీగ వాద్యం మీటుతూ రేణుకాఎల్లమ్మ కథ చెబుతుంటారు. గుగ్గిలం పొగ పందిరంతా కమ్మేసి ఉంటుంది. జమదగ్ని కోపం, పరశురాముడు గొడ్డలి ఎత్తడం దాకా కథ వచ్చేసరికి జమిడిక దెబ్బ మారుతుంది, వేగం పెరుగుతుంది. అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చున్న ఒకావిడకు వరసగా ఆవలింతలు మొదలవుతాయి. ఊపిరి బరువెక్కుతుంది, భుజాలు వణుకుతాయి, చూపు ఒకచోట నిలిచిపోతుంది. పక్కనున్న ఆడవాళ్లకు ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరు ఆమె కొంగు తీసి నడుముకు బిగించి కడతారు, ఒకరు జడముడి విప్పుతారు, ఇంకొకరు చేతిలో వేపమండ పెడతారు. దీపాన్ని, పిల్లల్ని పక్కకు జరుపుతారు. ఆమె లేచి ఊగడం మొదలుపెట్టేసరికి చుట్టూ ఖాళీ జాగా ఉంటుంది.

అప్పుడు మాటలు నడుస్తాయి. "ఎందుకొచ్చినవ్ తల్లీ, ఏం తక్వ చేసినం?" అని ఇంటి పెద్ద అడుగుతాడు. "నా కుండ ఎత్తి ఎన్నేండ్లాయె? నన్ను మరిచిపోయిర్రు" అన్న తరహాలో జవాబు వస్తుంది. తప్పయిందని లెంపలేసుకుంటారు, నిమ్మకాయ ఇస్తారు, నుదుట బండారి (పసుపు) పెడతారు, హారతి చూపిస్తారు. వెలుగుతున్న కర్పూరాన్ని నాలుక మీద పెట్టించి మింగించడం చాలాచోట్ల ఉంది. దాంతో అమ్మవారు దిగిపోతుంది. మనిషి సోలిపోతే పట్టుకుని కూర్చోబెట్టి మంచినీళ్లు తాగిస్తారు. కాసేపటికి ఆవిడ కొంగు సర్దుకుని, తాను ఏమన్నదో పక్కవాళ్లనే అడుగుతుంది.

ఆవిడ ఎలా ఊగింది అన్నదే అందరూ చెప్పుకుంటారు. నేనైతే చుట్టూ ఉన్నవాళ్లను చూడమంటాను. పూనకం ఒక్క మనిషికి జరిగే సంగతి కాదని, పదిమంది కలిసి మోసే పని అని అప్పుడే తెలుస్తుంది.

శివసత్తులు ఎవరు? పోతురాజుకూ పూనకం వస్తుందా?

అమ్మవారికో, మల్లన్నకో మొక్కుబడి ఉండి, తరచూ సిగం వచ్చేవాళ్లను శివసత్తులంటారు. ఎక్కువమంది ఆడవాళ్లే. మగవాళ్లూ ఉన్నారు, ట్రాన్స్ మహిళలూ చాలామంది ఉన్నారు. వేరే చోట్ల పక్కకు నెట్టేసే ట్రాన్స్ మహిళ నెత్తిన బోనం ఎత్తుకుని వస్తుంటే జనం దారి ఇచ్చి కాళ్ల మీద నీళ్లు పోస్తారు. ఆ గౌరవం పండుగ దాటాక కూడా నిలవాలని నా కోరిక.

పోతురాజు అమ్మవారికి తమ్ముడు. ఆంధ్రా ఊళ్లలో పోతురాజంటే గుడి ముందు పాతిన కొయ్యో, రాయో. హైదరాబాద్, సికింద్రాబాద్ బోనాల్లో నిలువెత్తు మనిషే పోతురాజు. ఒళ్లంతా పసుపు, ఎర్ర ధోతి, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడాతో ఘటం (అమ్మవారి రూపంగా ఊరేగించే కలశం) ముందు ఆడుకుంటూ వస్తాడు. గావు పట్టే (బలిని పంటితో కొరికే) వేళకు ఆయన ఆవేశం తారస్థాయికి చేరుతుంది.

రంగం అంటే ఏమిటి?

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల ఆదివారం మర్నాడు, సోమవారం పొద్దున జరిగే భవిష్యవాణి ఇది. మాతంగేశ్వరి సన్నిధి దగ్గర, అమ్మవారికి ఎదురుగా, ఒక అవివాహిత స్త్రీ పచ్చికుండ మీద నిలబడుతుంది. ఆవంలో కాల్చని మట్టికుండ అది. ముఖానికి పసుపు, చేతిలో వేపమండ ఉంటాయి. అమ్మవారు ఆవహించాక ఆమె చెప్పే మాటను ఆ ఏటికి అమ్మ మాటగా వింటారు. వానలెలా ఉంటాయి, పంటలేమవుతాయి, రోగాలొస్తాయా అని అర్చకులు, గుడి పెద్దలు ఎదురుగా నిలబడి అడుగుతారు. వినడానికి మంత్రులూ వస్తారు. టీవీల్లో లైవ్ ఇస్తారు. 2020లో కరోనా వల్ల జనం లేకుండానే జరిపారు గానీ ఆపలేదు.

వానల జోస్యం దాటి వినండి. పూజలు మొక్కుబడిగా చేస్తున్నారని, తనకు అందాల్సింది సరిగా అందడం లేదని అమ్మవారు కోప్పడటం ఈమధ్య చాలా ఏళ్లుగా వింటున్నాం. గుడి నడిపే అధికారుల ముందే, అర్చకుల ముందే, లైవ్‌లో అంటుంది. మామూలు రోజున ఒక ఆడమనిషి ఆ మాట అంటే ఎవరైనా ఆగి వింటారా? రంగంలో అందరూ చేతులు కట్టుకుని వింటారు, "తప్పులుంటే క్షమించు తల్లీ" అంటారు. రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఈ గుడి ఎప్పటిది?

అందరూ చెప్పుకునే కథ ప్రకారం, 1813లో సికింద్రాబాద్ నుంచి ఉజ్జయినికి బదిలీ అయిన సైనిక దళంలో సురిటి అప్పయ్య డోలీ మోసేవాడు. అక్కడ కలరా వ్యాపించి జనం చనిపోతుంటే, తగ్గితే మా ఊళ్లో నీకు గుడి కడతానని ఉజ్జయిని అమ్మవారికి మొక్కుకున్నాడు. తిరిగొచ్చి 1815లో కొయ్య విగ్రహం నిలిపాడు. ఆ చోట బావి బాగుచేస్తుంటే భూమిలో మాణిక్యాలమ్మ విగ్రహం దొరికింది. ఆమెనూ పక్కనే ప్రతిష్ఠించారు. శాక్త, శైవ సాధనలకు పేరుపడ్డ ఉజ్జయిని నుంచి వచ్చిన తల్లి, ఇక్కడి మట్టిలోంచి లేచిన తల్లి ఇద్దరికీ ఇవాళ కలిపే పూజలు జరుగుతాయి.

ఇందులో తంత్రం ఎక్కడుంది? తంత్రమంటే చేతబడి కదా?

చేతబడికీ తంత్రానికీ ముడిపెట్టింది ఎక్కువగా సినిమాలు, పేపర్లలో వచ్చే ప్రకటనలు. తంత్రం ఒక పూజా విధానం. మన గుళ్లలో రోజూ జరిగే ఆగమ పూజలో సగం పద్ధతులు అక్కడివే. అందులో న్యాసం అని ఒకటుంది: మంత్రాక్షరాలను వేళ్లకు, గుండెకు, శిరస్సుకు తాకిస్తూ దేవతను తన శరీరంలోనే ప్రతిష్ఠించుకోవడం. దేవతగా మారి దేవతను పూజించాలన్నది సూత్రం. దేవత సాధకుడిలో ప్రవేశించడాన్ని ఆవేశం, సమావేశం అన్నారు. 10, 11 శతాబ్దాల మధ్య జీవించిన కశ్మీర శైవాచార్యుడు అభినవగుప్తుడి ఆలోచనలో సమావేశానికి చాలా పెద్ద పీట ఉంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ స్వస్థావేశం. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లను కూర్చోబెట్టి, దేవతను ఆవాహన చేసి, అద్దంలోనో నీళ్లలోనో నూనె రాసిన బొటనవేలి గోరులోనో చూడమని, జరిగినవీ జరగబోయేవీ అడిగే పద్ధతి పాత తంత్ర గ్రంథాల్లో ఉంది. మన ఊళ్లలో అంజనం వేయడం తెలిసినవాళ్లకు ఇదేమిటో వెంటనే అర్థమవుతుంది. సొమ్ము పోతే పిల్లవాడి గోటికి కాటుక రాసి, ఆంజనేయుడు కనిపిస్తున్నాడా, దొంగ ఎటు పోయాడని అడిగేవారు.

అయితే ఒకటి గుర్తు పెట్టుకోవాలి. మద్యం, మాంసం నైవేద్యంగా పెట్టినంత మాత్రాన ఊరి పండుగను తాంత్రికమని అనలేం. కల్లు సాక, యాట (బలిచ్చే మేక, గొర్రె), వేపాకు మన ఊళ్లలో ఏ గ్రంథమూ చెప్పకముందు నుంచే ఉన్నాయనుకోవడానికి కారణాలున్నాయి. గ్రంథం రాసినవాళ్లే ఊరి నుంచి నేర్చుకున్నారన్న వాదన పండితుల్లోనూ ఉంది, నాకూ అదే సబబనిపిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం రెండు వైపులా జరిగింది. దానికి అలంపురం మంచి సాక్ష్యం. బాదామి చాళుక్యుల నాటి ఆ క్షేత్రంలో తల మీద కపాలం, తేలు, బల్లితో జోగులాంబ ఉంది. తలకు బదులు తామరపువ్వున్న లజ్జాగౌరి శిల్పమూ అక్కడ దొరికిందే. తల తెగిన రేణుక కథ ఊరూరా జమిడిక మీద పాడుకునే నేలలోనే ఈ రెండూ ఉన్నాయి.

మాతంగి అంటే దశమహావిద్యల్లోని మాతంగేనా?

దశమహావిద్యలంటే తంత్రంలో కొలిచే పది మంది దేవతలు, మాతంగి వాళ్లలో ఒకరు. పేరు ఒకటే. కథలు వేరు, కానీ ఒకదాన్నొకటి తాకుతూ వెళ్తాయి.

తండ్రి జమదగ్ని మాట మీద తల నరకడానికి వచ్చిన కొడుకు పరశురాముడి గొడ్డలికి భయపడి రేణుక మాదిగవాడకు పరుగెత్తిందట. అడ్డొచ్చిన మాదిగ స్త్రీ తల కూడా తెగింది. మళ్లీ బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. ఒకరు ఎల్లమ్మ, ఒకరు మాతంగి. ఈ కథకు ఊరికో రకం చెప్పుడు ఉంది. కొన్నిచోట్ల మాదిగ కులంలో ఒక స్త్రీని మాతంగిగా నిలిపేవారు. జాతరలో ఆమెకు పూనకం వచ్చాక, నోటినిండా కల్లు పోసుకుని ఎదురొచ్చిన వాళ్ల మీద ఉమ్మేది. రెడ్డి, కరణం, బ్రాహ్మణుడు ఎవరైనా సరే. అగ్రకులాలను తిడుతూ పాటలు పాడేది. ఆ ఉమ్ము పడితే పవిత్రులమయ్యామని వాళ్లు అనుకునేవారు. 20వ శతాబ్దం మొదట్లో ఆంధ్ర ప్రాంతం గురించి రాసిన తెల్లదొరలు, మిషనరీలు ఇది చూసి ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు మహావిద్యల్లోని మాతంగిని చూడండి. ఆమెకు ఉచ్ఛిష్ట చాండాలిని అన్న పేరుంది. ఎంగిలి ఆమెకు నైవేద్యం, మడి కట్టుకోకుండానే ఆమె మంత్రం జపిస్తారు. మైల అనుకున్నదే అక్కడ శక్తి. ఎంగిలి ఉమ్మే మాతంగి, ఎంగిలి స్వీకరించే మాతంగి ఇంత దగ్గరగా ఉండటం ఊరికే జరిగిందని నేను అనుకోను.

అయితే దీన్ని మురిపెంగా చూపించి వదిలేయలేం. ఆ ఒక్క రోజు గడిస్తే మాతంగి మళ్లీ వాడ బతుకుకే వెళ్లేది, బావి దగ్గర అదే అంటరానితనం. పూనకం ఆమెకు గొంతునిచ్చింది, మడిచెక్క మాత్రం ఇవ్వలేదు.

జోగినులకూ దీనికీ సంబంధం ఏమిటి?

ఎల్లమ్మ, పోచమ్మ పేరు మీద దళిత బాలికలను దేవతకు "పెళ్లి" చేసి, ఆ తర్వాత ఊరి పెద్దల లైంగిక దోపిడీకి వదిలేయడం జోగిని ఆచారం. వాళ్లలో చాలామంది జాతరల్లో సిగం ఊగేవాళ్లు. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీల సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. అలా అంకితం చేయడం నేరం. పూనకాన్ని గౌరవించడమంటే ఈ ఆచారాన్ని వెనకేసుకురావడం కాదు. ఎక్కడైనా పిల్లను అలా వదులుతున్నారని తెలిస్తే చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

పట్నం ముగ్గు కూడా యంత్రం లాంటిదేనా?

చూడగానే అలాగే అనిపిస్తుంది. మల్లన్నకు ఆయన కథ చెప్పే ఒగ్గు పూజారులు, ఎల్లమ్మకు బైండ్లవాళ్లు నేల మీద రంగు పొడులతో పట్నం వేస్తారు. తెల్లటి పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి, నల్లపొడి చేతివేళ్ల సందుల్లోంచి సన్నగా జార్చుతూ గంటల తరబడి గీస్తారు. గళ్లు, ద్వారాలు, మధ్యలో దేవుడికి చోటు ఉంటాయి. మంత్రశాస్త్రంలో మండలం వేసే పద్ధతికి ఇది దగ్గర. తేడా ముగింపులో ఉంది. మహాశివరాత్రి రాత్రి కొమురవెల్లిలో పెద్దపట్నం పూర్తయ్యాక శివసత్తులు సిగాలూగుతూ దాన్ని తొక్కుతారు, ఆ రంగు పొడిని జనం నుదుట పెట్టుకుంటారు. కేరళలో కళం వేసి, దేవత పూనిన మనిషి దాన్ని చెరిపేసే పద్ధతి కూడా ఇలాంటిదే. కొమురవెల్లి గుడిలో వీరశైవ అర్చకుల పూజ, యాదవ ఒగ్గు పూజారుల పట్నం రెండూ సాగుతాయి.

మేడారం కూడా ఇదే కోవలోకి వస్తుందా?

కొంతవరకే. మేడారం మొదట కోయల జాతర, ఈ మాట గట్టిగా పట్టుకోవాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు జిల్లాలో జరుగుతుంది. విగ్రహాలుండవు. సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజులు కొండాయి నుంచి గద్దెలకు (దేవతలను నిలిపే వేదికలకు) వస్తారు. మర్నాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో కోయ పూజారులు తెస్తారు. ఆ సమయంలో పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపి ప్రభుత్వ వందనం చేస్తారు. అమ్మను తెచ్చే వడ్డె (కోయ పూజారి) ఆవేశంలోనే గుట్ట దిగుతాడు, చుట్టూ రక్షణ వలయం కట్టి తీసుకొస్తారు. దారి పొడవునా వందలమందికి ఒకేసారి సిగాలొస్తాయి. బెల్లాన్ని బంగారమంటూ గద్దెల మీద సమర్పిస్తారు.

సమ్మక్కను దుర్గగానో ఆదిపరాశక్తిగానో చెప్పే మాట ఇప్పుడు ఎక్కువైంది. భక్తుడికి అలా అనిపిస్తే తప్పు లేదు. కానీ కాకతీయుల సైన్యంతో పోరాడి చిలకలగుట్టలో కలిసిపోయిన కోయ ఆడబిడ్డ కథ ఆ పేర్ల కింద పడి కనిపించకుండా పోకూడదు. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీలదీ ఇదే గోస. దండారీ పండుగ రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ ఒంటి మీద దేవుడున్నాడని వాళ్లు నమ్ముతారు, ఆ దీక్షలో స్నానం కూడా చేయరు. స్టేజీ మీద అది డ్యాన్స్ ఐటమ్‌గా మిగిలిపోతోంది.

బ్రాహ్మణ అర్చకులు వచ్చిన గుళ్లలో పూనకం తగ్గిపోయిందా?

చాలాచోట్ల పోలేదు, బయటికి జరిగింది. గర్భగుడిలో కుంకుమార్చన, చండీహోమం. ఆవరణలో డప్పు, సిగం, బోనం. బలి మరీ దూరం జరిగింది. గుడి ఆవరణలో జంతుబలిని 1950 నాటి చట్టం నిషేధిస్తోంది. పెద్ద గుళ్లలో గుమ్మడికాయ కొడతారు, యాటను ఇంటి దగ్గరో పొలం దగ్గరో కోసుకుంటారు.

ఊరి పోచమ్మ గుడికి సిమెంటు గోపురం కట్టి, బైండ్ల పూజారిని గడప బయట నిలబెట్టిన చోట్లు నాకు బాధ కలిగిస్తాయి. ఆ అమ్మవారి కథంతా నోటికి వచ్చిన మనిషి ఆయన. కథ తెలిసినవాళ్లు పోతే, పూనకం వచ్చినప్పుడు "ఎవరు నువ్వు" అని అడగాల్సిన పద్ధతిలో అడిగేవాళ్లు ఉండరు.

వేరే రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయా?

చాలా ఉన్నాయి. అస్సాం కామాఖ్య గుడిలో ఆగస్టు నడిమి రోజుల్లో, మానసాదేవి పూజప్పుడు దేవధని జరుగుతుంది. ముందు నుంచి వ్రతం పట్టిన మగవాళ్లకు రకరకాల దేవతలు పూని, కత్తి అంచు మీద నిలబడతారు, బలి రక్తం తాగుతారు. తాంత్రిక పీఠాలన్నింటిలో పేరున్న చోటే అక్కడి కొండ జాతుల పద్ధతి ఇలా సజీవంగా ఉంది. కేరళలోని కన్నూర్, కాసరగోడ్‌లలో తెయ్యం (దేవుడి వేషం) కట్టే వణ్ణాన్, మలయన్ కులాలవాళ్లు వేషం పూర్తయ్యాక అద్దంలో ముఖం చూసుకుంటారు. అక్కడి నుంచి ఆ మనిషి దేవుడే, ఏ కులం వాళ్లయినా చేయి జోడించాల్సిందే. కర్ణాటక కోస్తాలోని తుళునాడులో భూతకోల ఉంది, అక్కడ దైవం ఊరి తగవులు కూడా తీరుస్తుంది.

అదంతా నటనేనా?

కొందరు నటించవచ్చు. ఊళ్లోవాళ్లకూ ఆ అనుమానం ఉంటుంది కాబట్టే పరీక్షలు పెడతారు. అయినా "నిజమా, నటనా" అని రెండు ముక్కలుగా తేల్చేయలేం. చిన్నప్పటి నుంచి ఆ దరువు, ఆ కథ, ఆ పొగ ఎరిగిన ఒంటికి అవి తగలగానే స్పృహ మారడం జరుగుతుంది. ఉపవాసం, నిద్రలేమి, వేగంగా పీల్చే ఊపిరి, ఎడతెగని డప్పు అన్నీ అందులో పాలుపంచుకుంటాయి. ఇది చెప్పినంతలో ఆ అనుభవం అబద్ధమైపోదు. అది దేవతా కాదా అన్నది మీ విశ్వాసం తేల్చుకోవాల్సింది.

మరి మానసిక జబ్బు కాదా? డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11, 2022 నుంచి అమల్లో ఉంది. అందులో పూనకానికి సంబంధించిన రుగ్మత ఒకటి ఉంది. అయితే ఆ సమాజం అంగీకరించిన మత ఆచారంలో భాగంగా వచ్చేదాన్ని రుగ్మతగా లెక్కించకూడదని అందులోనే రాశారు. మనిషికి ఇష్టం లేకుండా వచ్చి, బతుకును దెబ్బతీస్తేనే జబ్బు.

మామూలు భాషలో చెప్పాలంటే: పండుగలో వచ్చి, హారతితో దిగి, మర్నాడు పనికి వెళ్లే మనిషి గురించి టెన్షన్ అక్కర్లేదు. ఏ సందర్భమూ లేకుండా పదేపదే వస్తున్నా, నిద్ర, తిండి పోయినా, తననో ఇతరులనో గాయపరుచుకుంటున్నా, చచ్చిపోవాలన్న మాటలంటున్నా, నోట్లో నురగ వచ్చి కొట్టుకుంటున్నా డాక్టరుకు చూపించాలి. చివరిది ఫిట్స్ కావచ్చు, మందులతో అదుపులో ఉంటుంది. కొత్త కోడళ్లకు మళ్లీ మళ్లీ సిగం వస్తుంటే ఆ ఇంట్లో ఆ పిల్ల ఎలా బతుకుతోందో కూడా చూడాలి. అమ్మవారి నోట వచ్చే ఫిర్యాదులో ఆమె చెప్పుకోలేని మాట ఉండొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

గొలుసులతో కట్టేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఆశ్రయంలో గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 28 మంది మంటల్లో కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

"తాంత్రికుణ్ని, మీ ఇంట్లో చేతబడి ఉంది, తీస్తాను" అని డబ్బులడిగితే?

ఇవ్వకండి. బోనాల సిగానికీ ఈ వ్యాపారానికీ పోలిక లేదు. సిగం పదిమంది ముందు నడుస్తుంది. అక్కడ అమ్మవారు అడిగేది బోనం, సాక, చీర, కాసింత భక్తి. తలుపులు మూసి, ఒక్కరినే కూర్చోబెట్టి, వాయిదాల్లో డబ్బు గుంజుతూ, ఆడపిల్లను ఒంటరిగా వదలమనే మనిషి ఏ సంప్రదాయానికీ చెందడు. పోలీసులకు చెప్పండి. తాయెత్తులు, మంత్రాలతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనలపై 1954 నుంచే చట్టం ఉంది. మహారాష్ట్ర 2013లో ఇలాంటి మోసాల మీద ప్రత్యేక చట్టమే తెచ్చింది. చేతబడి చేసిందని పూనకంలో ఎవరో పేరు చెప్పారంటూ ముసలివాళ్లను, ఒంటరి ఆడవాళ్లను కొట్టి చంపిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. పూనకంలో వచ్చిన మాట ఎవరి మీదా సాక్ష్యం కాదు.

విదేశాల్లో బోనాలు చేసుకునేవాళ్లకు పూనకం వస్తుందా?

లండన్‌లోనూ అమెరికా నగరాల్లోనూ తెలంగాణ సంఘాలు బోనాల ఊరేగింపు చేస్తున్నాయి, పోతురాజు వేషమూ కడుతున్నారు. డప్పు గట్టిగా మోగినప్పుడు ఎవరికైనా సిగం రావచ్చు. అక్కడ చుట్టూ ఉన్నవాళ్లకు ఏం చేయాలో తెలియకపోవడమే ఇబ్బంది. పట్టి బంధించకండి. కింద పడకుండా, దీపం తగలకుండా చూసుకోండి. గుంపును వెనక్కి జరిపి, పెద్దవాళ్లెవరితోనైనా మాట్లాడించి, హారతి ఇప్పించండి, నీళ్లు తాగించండి. దిగకుండా చాలాసేపు సాగినా, స్పృహ తప్పినా అంబులెన్స్‌ను పిలవండి.

సిగం ఊగుతున్నవాళ్లను వీడియో తీయొచ్చా?

రంగం, ఘటం ఊరేగింపు అందరి ముందు జరిగేవి, అవి తీసుకోండి. ఒక ఇంటి పందిట్లో ఎవరికో సిగం వస్తే ఫోన్ జేబులో పెట్టండి. ఆ సమయంలో ఆవిడకు తన ఒంటి మీద గుడ్డ ఎలా ఉందో తెలియదు, ఏ ఇంటి గుట్టు బయటపెడుతోందో తెలియదు. కావాలంటే మర్నాడు ఆవిడనే అడిగి, ఒప్పుకుంటేనే తీయండి.

అమ్మవారిని ప్రశ్న అడగాలంటే పద్ధతేమిటి?

చెప్పులు విడిచి వెళ్లండి, కాళ్ల మీద నీళ్లు పోసి నిలబడండి. ముందు ఇంటివాళ్లు, ఊరి పెద్దలు అడగడం అయ్యాకే మీ వంతు. ప్రశ్న ఒకటే, చిన్నగా అడగండి. పరాయివాళ్ల మీద చాడీలు, తగాదాల్లో ఎవరు తప్పు అన్నవి అడగవద్దు. హారతి వెలిగించారంటే ఇక అడగడం ఆపేయాలి.